రెండు సెలవుల కథ

తెలుగులో సెలవు అనే మాట చాలా పనులు చేస్తుంది. ఆఫీసుకి వెళ్ళక్కర్లేని రోజు సెలవు. ఊరికి బయల్దేరుతూ పెద్దవాళ్ళ దగ్గర తీసుకునేదీ సెలవే. ఉత్తరం చివర రాసేదీ, సభలో వక్త ఆఖర్న చెప్పేదీ సెలవే. హిందీలో ఇవి వేరువేరు మాటలు. ఆఫీసువాళ్ళు ఇచ్చేది ఛుట్టీ, ఇంట్లోవాళ్ళ దగ్గర పుచ్చుకునేది విదా. నేను ఇప్పుడు చెప్పబోయేది హిందీ సినిమా గురించే. కాని దాన్ని అర్థం చేసుకోడానికి నాకు మన మాటే ఎక్కువ పనికొచ్చింది. ఒక కొడుకు ఆఫీసులో సెలవు అడుగుతాడు, ఎందుకంటే వాళ్ళ నాన్న ఈ లోకం నుంచి సెలవు తీసుకుంటానంటున్నాడు. సినిమా అంతా ఈ రెండు సెలవుల మధ్య పేచీయే.

సినిమా పేరు ‘ముక్తి భవన్’. ఇంగ్లీషులో ‘హోటల్ సాల్వేషన్’ అన్నారు. 2016లో వెనిస్ చలనచిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. ఇండియాలో 2017 ఏప్రిల్లో విడుదలైంది. తీసినతను శుభాశిష్ భూటియానీ. అప్పటికి అతనికి పాతికేళ్ళు. అంతకుముందు 1984లో సిక్కుల మీద జరిగిన దాడుల నేపథ్యంలో ‘కుష్’ అని ఒక చిన్న సినిమా తీశాడు. పాతికేళ్ళవాడికి చావు గురించి సినిమా తీయాలని ఎందుకనిపించిందో గాని, ముసలివాళ్ళని చూసి జాలిపడకుండా, వాళ్ళ నోట వేదాంతం పలికించకుండా తీశాడు. మనవాళ్ళు చాలామంది నలభై ఏళ్ళ అనుభవం తరవాత కూడా ఈ రెండింటిలో ఒకటి చేయకుండా ఉండలేరు.

కథ చాలా చిన్నది. డెబ్భై ఏడేళ్ళ దయాకి ఒక కల వస్తుంది. కలలో వాళ్ళమ్మ పిలుస్తుంది. తన టైము దగ్గరపడిందని ఆయన తేల్చుకుంటాడు. జబ్బేం లేదు. డాక్టరు ఏమీ చెప్పలేదు. ఇంట్లో అందరూ భోజనాల దగ్గరుండగా, నేను కాశీ వెళ్ళిపోతాను, అక్కడే పోతాను అని ప్రకటిస్తాడు. వెళ్ళేముందు గోదానం జరగాలంటాడు, జరిపిస్తారు. ఒంటరిగా పంపలేరు గనక కొడుకు రాజీవ్ వెంట వెళ్ళాలి. రాజీవ్‌కి ఆఫీసు, చెవికి అతుక్కుపోయిన సెల్‌ఫోను, సెలవంటే మొహం చిట్లించే మేనేజరు, పెళ్ళి కుదిరిన కూతురు. వీటన్నిటి మధ్యలోంచి అతను సెలవు పీక్కుని బయల్దేరతాడు. తండ్రీ కొడుకులు కాశీలో ‘ముక్తి భవన్’ అనే సత్రంలో దిగుతారు. చనిపోవడానికి వచ్చినవాళ్ళకి గది ఇచ్చే చోటు అది. మేనేజరు మిశ్రాజీ మొదటిరోజే షరతులు చెప్తాడు. మాంసం, మందు కుదరవు, వంట మీరే చేసుకోవాలి, గది పదిహేను రోజులకే ఇస్తాం. ఈలోగా పోతే పోయినట్టు, లేకపోతే ఖాళీ చెయ్యాలి.

ఇలాంటి చోటు కల్పన కాదు. కాశీలో గోదౌలియా దగ్గర ‘కాశీ లాభ్ ముక్తి భవన్’ 1958 నుంచి ఉంది. దాల్మియా ట్రస్టు నడుపుతోంది. అక్కడా రెండు వారాల గడువు ఉంది. సినిమాకి ప్రేరణ ఇలాంటి ఇళ్ళే. కాశీకి చావడానికి వెళ్ళడం మనకేం కొత్త కాదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని సామెతే ఉంది. తిరిగొస్తాడన్న నమ్మకం లేని రోజుల్లో పుట్టిన సామెత. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేస్తూ 1830 మేలో కాశీయాత్రకి బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట. తిరిగొచ్చారు గనకే మనకి ‘కాశీయాత్ర చరిత్ర’ దక్కింది. ఆయనకి పదిహేను నెలలు పట్టిన పనికి మిశ్రాజీ పదిహేను రోజులు ఇస్తాడు.

పదిహేను రోజులు అన్న మాట దగ్గరే నేను సినిమాని ఆపి మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. ఈ దేశంలో ఉద్యోగం చేసే మన వాళ్ళెవరైనా ఆ మాట దగ్గర ఆగకుండా ఉండలేరు. మనకి ఏడాదికి దొరికే సెలవు చాలామందికి అంతే. రెండు వారాలు, మహా అయితే మూడు. అందులో రానూ పోనూ ప్రయాణానికి నాలుగు రోజులు తీసెయ్యండి. జెట్‌లాగ్‌కి రెండు రోజులు. మిగిలినవాటిలో బ్యాంకు పనులు, అత్తవారి ఊరు, ఎవరిదో గృహప్రవేశం. అమ్మానాన్నలతో కూర్చునే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1993లో వచ్చిన ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ చట్టం ప్రకారం, 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న కంపెనీలో ఏడాది పనిచేసినవాళ్ళకి, జబ్బుపడ్డ తల్లిదండ్రుల్ని చూసుకోడానికి ఏడాదికి 12 వారాల దాకా సెలవు దొరుకుతుంది. జీతం ఉండదు. అత్తమామలు ఆ లెక్కలోకి రారు. ఇక మనిషి పోయాక ఇచ్చే సెలవు గురించి ఫెడరల్ చట్టం ఏదీ లేదు. కంపెనీ దయ. మూడు రోజులిచ్చేవాళ్ళే ఎక్కువ. మూడు రోజుల్లో హైదరాబాదు వెళ్ళి రావడం కష్టమని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పదకొండో రోజు దాకా ఉండాలంటే మాత్రం మనిషి పోయిన బాధతో పాటు క్యాలెండరు కూడా ముందేసుకుని కూర్చోవాలి.

రాజీవ్ అమెరికాలో లేడు. టాక్సీలో కాశీ చేరేంత దూరంలోనే అతని ఊరుంది. కాని అతని మొహంలో నాకు కనిపించింది మన మొహమే. ఆదిల్ హుసేన్ ఈ పాత్ర చేశాడు, జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస కూడా వచ్చింది. అతను ఏడ్చిన చోట కాదు, ఫోను మోగినప్పుడల్లా తండ్రివైపు ఒకసారి, ఫోనువైపు ఒకసారి చూసిన చోట నాకు అతని నటన గొప్పగా అనిపించింది. నాన్న పోవాలని ఏ కొడుకూ కోరుకోడు. కాని గది గడువు, సెలవు గడువు ఒకేసారి దగ్గరపడుతుంటే లోపల ఎక్కడో ఒక లెక్క మొదలవుతుంది. ఆ లెక్క మొదలైనందుకు మళ్ళీ సిగ్గు. ఈ రెండూ మాటల్లో పెట్టకుండా చూపించడం చాలా కష్టం. హుసేన్ చూపించాడు. తండ్రి కోలుకుంటున్న కొద్దీ కొడుకు నీరసించిపోతుంటాడు. నవ్వొస్తుంది, నవ్వినందుకు మనకీ ఇబ్బందిగా ఉంటుంది.

ఎందుకంటే దయా చావడానికి వచ్చి అక్కడ హాయిగా బతకడం మొదలుపెడతాడు. కొడుకు వంట నచ్చదు, వంకలు పెడతాడు. తోటి ముసలివాళ్ళతో కలిసి టీవీ సీరియల్ చూస్తాడు. విమల అనే ఆవిడతో స్నేహం కుదురుతుంది. ఆవిడ భర్తతో కలిసి చనిపోవడానికే వచ్చింది. ఆయన పోయాడు, ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తూ ఉంది. పదిహేను రోజుల గడువు మాటేమిటంటారా? గడువు అయిపోగానే రిజిస్టరులో ఇంకో పేరు రాస్తే సరి. కాశీలో యముడిక్కూడా రిజిస్టరు ఉంటుందనీ, దాంట్లోనూ సర్దుబాట్లు ఉంటాయనీ చెప్పే ఈ చమత్కారం మన పల్లెటూరి హాస్యానికి చాలా దగ్గర. దయాగా లలిత్ బెహల్, విమలగా నవనీంద్ర బెహల్ వేశారు. నిజజీవితంలో వాళ్ళు భార్యాభర్తలు. ఆ సంగతి తెలిశాక వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్న దృశ్యాలు ఇంకోసారి చూడబుద్ధేస్తుంది.

ఆ సత్రంలో ముసలివాళ్ళు తమ మరణవార్త తామే రాసుకుంటారు. పేపర్లో ఎలా వేయాలో, ఏ విశేషణం పెట్టాలో ఆలోచించుకుంటారు. మన సంఘాల పత్రికల్లో నివాళులు రాసిన అనుభవం ఉన్నవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. మనిషి పోయాక ఆయన గురించి మనం రాసేది దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. స్నేహశీలి, మృదుభాషి, అందరికీ తలలో నాలుక. ఆయనే రాసుకుంటే ఏం రాసుకునేవాడు? ఈ ప్రశ్న సినిమా అడుగుతుంది. చావుని ముందుగా ఏర్పాటు చేసుకోవడం అంటే కట్టెలకి డబ్బు కట్టడం ఒక్కటే కాదని, తన గురించి ఆఖరి మాట తనే చెప్పుకోవడం కూడా అని దయాకి తెలుసు.

ఇలా ఏర్పాటు చేసుకోవడం గురించే ఇంకో సినిమా ఉంది. దాని గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. జపాన్‌లో 2011లో వచ్చిన ‘ఎండింగ్ నోట్’ అనే డాక్యుమెంటరీ. మామి సునాదా అనే అమ్మాయి తన తండ్రి మీద తీసింది. ప్రసిద్ధ దర్శకుడు హిరోకజు కోరేయెదా దానికి నిర్మాత. తండ్రి తొమోఆకి నలభై ఏళ్ళు కంపెనీలో సేల్స్ ఉద్యోగం చేసి అరవై ఏడేళ్ళకి రిటైరయ్యాడు. కొద్దికాలానికే కడుపులో కాన్సరు, అప్పటికే ముదిరిపోయిందని తెలిసింది. ఆయన జీవితమంతా ప్రాజెక్టులు ప్లాన్ చేసినవాడు. చావునీ అలాగే ప్లాన్ చేశాడు. చేయవలసిన పనుల జాబితా రాసుకున్నాడు. మనవలతో మనసుపెట్టి ఆడుకోవాలి, ఎప్పుడూ వేసే పార్టీకి కాకుండా ఇంకో పార్టీకి ఓటెయ్యాలి, అంత్యక్రియలు జరిగే చర్చి ముందే వెళ్ళి చూసుకోవాలి, భార్యకి ప్రేమిస్తున్నానని చెప్పాలి. ఆఖరిది మొదటిసారి చెప్పడం! సినిమాకి వ్యాఖ్యానం కూతురిదే, కాని తండ్రి మాట్లాడుతున్నట్టు ‘నేను’ అంటూ చెప్తుంది.

మనకి తగిలే విషయం ఏమిటంటే ఆ ఇంటి కొడుకు అమెరికాలో ఉంటాడు. మనవలూ అక్కడే. తండ్రి ఎదురుచూపులు ఆ ప్రయాణాల చుట్టూనే తిరుగుతాయి. మనవలు వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి. ఆఖరికి ఆసుపత్రి మంచం పక్కన కొడుకు లాప్‌టాప్ తెరిచి, ఎవరెవరికి కబురు చేయాలి, ఏ ఏర్పాటు ఎలా ఉండాలి అని తండ్రినే అడిగి రాసుకుంటాడు. ఏదైనా అర్థం కాకపోతే నా సెల్‌కి ఫోన్ చెయ్యి అన్నట్టు తండ్రి హాస్యమాడతాడు. మన ఇళ్ళల్లో ఇలాంటి సంభాషణ జరగగలదా? లాకరు తాళం ఎక్కడుందో అడగడానికే మనకి నోరు పెగలదు. అడిగితే అశుభం. అడక్కపోతే, ఆ తరవాత మూడేళ్ళు మునిసిపల్ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

‘ముక్తి భవన్’, ‘ఎండింగ్ నోట్’ ఎదురెదురు దిక్కుల నుంచి ఒక చోటికే వస్తాయి. జపాన్ పెద్దాయనకి డాక్టరు గడువు చెప్పాడు, ఆయన దాన్ని పనులతో నింపుకున్నాడు. దయాకి కల తప్ప ఏ ఆధారమూ లేదు, ఆయన ఖాళీగా కూర్చున్నాడు. ఒకాయన ప్లాన్ చేశాడు, ఇంకొకాయన వేచి ఉన్నాడు. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే, పిల్లల టైము. అది అడిగి తీసుకోవడానికి ఇద్దరికీ ఒక సాకు కావలసి వచ్చింది. జపాన్ తండ్రికి జాబితా సాకు, దయాకి మోక్షం సాకు. కాశీ వెళ్తానని దయా పట్టుబట్టింది నిజంగా ముక్తి కోసమేనా, లేక ఎప్పుడూ ఫోనులో మాట్లాడే కొడుకుని పదిహేను రోజులు ఒక గదిలో కూర్చోబెట్టుకోవడానికా? సినిమా ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. నాకు మాత్రం రెండోదే నిజమనిపిస్తుంది. ఎందుకంటే కొడుకుని ఇంటికి పంపించిన తరవాతే ఆయన పోతాడు.

సినిమాలో అసలు ఘట్టం అదే. అంతకుముందు ఒక రాత్రి దయాకి జ్వరం ముదురుతుంది. ఇక ఇంతే అనుకుంటారు. తండ్రీ కొడుకులు ఎన్నో ఏళ్ళుగా మనసులో దాచుకున్నవి ఆ రాత్రి బయటపడతాయి. చిన్నప్పుడు కవిత్వం రాసుకునే కొడుకుని తండ్రి ఎలా అణిచేశాడో, అది ఎంతకాలం సలిపిందో తెలుస్తుంది. మామూలు సినిమాలో అయితే ఆ మాటల తరవాత తండ్రి కన్నుమూయాలి, వెనక షెహనాయి మోగాలి. ఇక్కడ తెల్లారేసరికి జ్వరం తగ్గిపోతుంది. చెప్పాల్సినవన్నీ చెప్పేసుకున్న ఇద్దరు మనుషులు మళ్ళీ టీ తాగుతూ, ఎదురెదురుగా కూర్చోవాలి. ఎంత ఇబ్బంది! భూటియానీ ప్రతిభ నాకు ఇక్కడే కనిపించింది. చావు ఘట్టాన్ని తీసేసి, దాని స్థానంలో మర్నాటి పొద్దుటిని పెట్టాడు.

తరవాత విమల పోతుంది. ఆ పైన దయా కొడుకుని వెళ్ళిపొమ్మంటాడు. నువ్వుంటే నేను పోలేను అన్నట్టు. చావు దగ్గరపడ్డ ఏనుగు మంద విడిచి వెళ్ళిపోతుందని చెప్పుకునే మాట ఉంది కదా, అలా. కొడుకు పోట్లాడి, ఏడ్చి, వెళ్తాడు. ఆఫీసు ఇచ్చిన సెలవు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు తండ్రి సెలవిస్తున్నాడు. ‘ఇక నీకు సెలవు, వెళ్ళు’ అన్న మాటకి తెలుగులో ఉన్న బరువంతా ఆ దృశ్యంలో ఉంది. చివరి క్షణంలో కొడుకు పక్కన లేడు.

పరాయి దేశంలో ఉన్న మనకి చివరిచూపు అన్నది పెద్ద బెంగ. రాత్రి పూట ఇండియా నెంబరు మోగితే గుండె ఎలా కొట్టుకుంటుందో రాసి చెప్పలేం. మా నాన్న ఆఖరి జబ్బులో నేను వెళ్ళి పన్నెండు రోజులున్నాను. వెళ్ళిన గంటలో ఆయన అడిగిన మొదటి మాట, “మళ్ళీ ప్రయాణం ఎప్పుడూ?” అని. అది నిష్ఠూరం కాదు. ఎన్ని రోజులున్నాయో తెలిస్తే దాని ప్రకారం ఏ రోజు ఏం మాట్లాడాలో ఆయన సర్దుకుంటారు. ఆ పన్నెండు రోజుల్లో మేం మాట్లాడుకున్నవి చెప్పుకోదగ్గవేం కాదు. పాలవాడి లెక్క, పక్కింటి గోడ, మా చిన్నప్పటి హెడ్‌మాస్టరుగారు. నేను తిరిగొచ్చిన మూడు వారాలకి ఆయన పోయారు. “ఆఖర్న దగ్గర లేకపోయావే!” అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి నా దగ్గర జవాబుండేది కాదు. ‘ముక్తి భవన్’ ఒక జవాబు ఇస్తుంది. ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకున్న రోజులే చివరిచూపు అంటుంది. చివరిచూపు అంటే ఒక క్షణం కాదు, అది కొన్ని రోజుల పాటు జరిగే పని, ఆ పని పూర్తయ్యిందో లేదో చెప్పవలసింది వెళ్ళిపోయేవాళ్ళే తప్ప పక్కింటివాళ్ళు కాదు అంటుంది.

ఈ ఓదార్పుని నేను సంతోషంగానే తీసుకున్నాను. కాని పూర్తిగా కాదు. రాజీవ్ తిరిగొచ్చి పాడె మొయ్యగలిగేంత దగ్గరలో ఉన్నాడు. చివరి ఊరేగింపులో చప్పట్లూ, పాటా, కొడుకు ఏడుపూ కలిసిపోతాయి. చూడడానికి చాలా బావుంటుంది. మనలో ఎంతమందికి ఆ భాగ్యం దక్కింది? 2021 మే 4 నుంచి అదే ఏడాది నవంబరు 8 దాకా ఇండియా నుంచి అమెరికా రావడం మీద ఆంక్షలుండేవి. పౌరసత్వమో, గ్రీన్ కార్డో లేనివాళ్ళు వెళ్తే తిరిగి రావడం ఎప్పుడో తెలియదు. ఇక్కడ పిల్లలు, ఇల్లు, ఉద్యోగం. అక్కడ ఆక్సిజన్ దొరక్క పోరాడుతున్న అమ్మో, నాన్నో. ఆ నెలల్లో మా చుట్టుపక్కల ఇళ్ళల్లో అంత్యక్రియలు వాట్సాప్‌లో జరిగాయి. రాజీవ్ కాశీ నుంచి ఇంటికి స్కైప్‌లో మాట్లాడబోతే బొమ్మ బిగుసుకుపోయే హాస్య సన్నివేశం ఒకటి సినిమాలో ఉంది. 2017లో చూసినవాళ్ళు హాయిగా నవ్వుకుని ఉంటారు. ఆ తరవాత చూసిన నాకు నవ్వు సగంలో ఆగిపోయింది. దయా పాత్ర వేసిన లలిత్ బెహల్ 2021 ఏప్రిల్ 23న కోవిడ్‌తోనే పోయారు. ఇంత తీరిగ్గా, ఇంత నిదానంగా చావుని నటించిన మనిషి, ఎవరికీ తీరిక లేని ఆ నెలలో వెళ్ళిపోయారు.

సినిమాలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ఇందులో కాశీ మరీ అందంగా ఉంటుంది. గంగ మీద పొద్దుటి వెలుగు, దీపాలు, గోడల మీద వెలిసిన రంగులు. విదేశీ ప్రేక్షకుల కోసం అని కొందరన్నారు. అంత మాట నేననను గాని, మణికర్ణిక పొగ ఈ కెమెరాకి ఎక్కువగా తగల్లేదు. కట్టెలు పేర్చి, రాత్రింబవళ్ళు శవాలు కాల్చే డోములకి ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. ఎవరి మోక్షమైనా వాళ్ళ చేతుల మీదుగా జరగాల్సిందే కదా. తండ్రి తీరిగ్గా చావడానికి రాజీవ్‌కి సెలవు కావాలి, ఆ సెలవు రోజుల్లో ఇల్లు నడపడానికి అతని భార్య లత ఉంది. ఆవిడ సెలవు గురించి ఎవరూ అడగరు. గీతాంజలి కులకర్ణి ఆ లతని ఎంతో సహజంగా చేసింది గనక ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విమల పద్దెనిమిదేళ్ళు కూడా ఒక చమత్కారంగా, ఒక చిరునవ్వుగా వెళ్ళిపోతాయి. పిల్లలెవరూ రాని ఒక ఆడమనిషి, రోజు మార్చి రోజు ఆ గదిలో ఏం తిని బతికింది? ఆ కథ ఇంకో సినిమా అవుతుంది. ఎవరైనా తీస్తే బావుణ్ణు.

ఇంకొక విషయం. మన తెలుగులో 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’ వచ్చింది. ఇక్కడ కూడా మనవాళ్ళు విరగబడి చూశారు. అందులో పెద్దాయన ముందే పోతాడు. పిట్ట ముద్ద ముట్టకపోయేసరికి బతికున్నవాళ్ళు తమ తగువులు వెతుక్కుంటారు. ఇక్కడ లెక్క తిరగబడింది. కాకి ముట్టిందా లేదా అని పదకొండో రోజు దాకా చూడక్కర్లేకుండా, పెద్దాయన బతికుండగానే నీ వంటలో ఉప్పెక్కువైంది అని తనే చెప్తాడు. కొడుకు చేసిన ముద్ద ముట్టీ ముట్టకుండా తనే పరీక్ష పెడతాడు. రెండూ మంచి సినిమాలే. కాని పోయినవాళ్ళ మనసులో ఏముందో పిట్టని అడిగి తెలుసుకునే అవసరం రాకుండా చూసుకోవచ్చు అని చెప్పేది ‘ముక్తి భవన్’.

ఈ సినిమా చూడమని నేను స్నేహితులకి చెప్తే, చావు గురించా, వీకెండ్ పూట ఎందుకండీ అన్నవాళ్ళున్నారు. భయపడక్కర్లేదు. గంటా నలభై నిమిషాల సినిమా. ఏడిపించాలని తీసింది కాదు, చాలాచోట్ల నవ్విస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు వీసా మీద వచ్చి ఉంటే వాళ్ళని కూడా కూర్చోబెట్టుకుని చూడండి. పక్కన ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోతే మీరు అర్థం చెప్తూ చూడండి. సినిమా అయ్యాక వాళ్ళు, “నాకైతే కాశీ అక్కర్లేదురా, మన గోదావరి చాలు” అనొచ్చు. “ఇక్కడే పోతే ఏం చేస్తారు, ఆ కరెంటు పొయ్యిలో పెడతారా?” అనొచ్చు. “ఆ బీరువాలో ఎర్ర ఫైలుంది చూడు” అనొచ్చు. అప్పుడు ‘ఛ, అవేం మాటలు’ అని టీవీ కట్టేసి లేచిపోకండి. కాస్త కూర్చోండి. కాగితం, కలం తెచ్చుకున్నా తప్పులేదు. ఆ సంభాషణకి ఏ ఆఫీసులోనూ సెలవు పెట్టక్కర్లేదు.